రెండో పక్క నుంచి స్కానింగు

జంషెడ్‌పూర్ వెళ్లొచ్చానంటే మా వీధిలో అందరూ ముందు అడిగే మాట, "ఇనుము కరగబెట్టడం చూశారా?" అని. చూడలేదు. నాలుగు రోజులున్నాను కానీ పొగగొట్టాలను దూరం నుంచి చూడటమే తప్ప దగ్గరికి వెళ్లలేదు. పెద్ద పార్కు ఉందట, జంతువులను పెట్టిన చోటు ఉందట, ఊరి పక్కనే ఏనుగులు తిరిగే కొండ ఉందట. వాటి కబుర్లు కావలసినవాళ్లు ఇక్కడితో ఆపేయవచ్చు, నేనేమీ అనుకోను. నేను వెళ్లింది జానెడు తెర మీద ఒక నలుపూ తెలుపూ బొమ్మ చూడటానికి.

మా అక్క కూతురు గౌరి అక్కడ బిర్సానగర్‌లో కాపురం ఉంటోంది. అక్క పోయి ఆరేళ్లయింది. దానికి తల్లినైనా పిన్నినైనా ఇప్పుడు నేనే. కార్తీక మాసంలో ఒక పొద్దున్న ఫోను చేసింది.

"పిన్నీ, నువ్వొకసారి రా."

"ఏటే, ఏటైనాది?"

"కడుపులో బిడ్డకి తేడా ఉందన్నారు. పొట్ట పైకెల్లిపోయి గుండె పక్కన ఉండిపోనాదంట. తీయించేద్దామంతన్నారు ఇంట్లో. నువ్వొచ్చేదాకా నేను ఎక్కడికీ ఎల్లను."

అప్పటికి దానికి ఇరవై రెండో వారం. ఇరవై నాలుగు దాటితే తీయించడం అంత సులువు కాదు, డాక్టర్ల బోర్డు ముందుకు వెళ్లాలి. అంటే మా చేతిలో ఉన్నది రెండు వారాలు. నేను హాస్టల్ వార్డెన్‌గా ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషిని. పెట్టె సర్దుకోవడం నాకు పది నిమిషాల పని. ఆ రోజు మాత్రం గంట పట్టింది.

రైలు

ఆవకాయ డబ్బా మూత గట్టిగా బిగించాననే అనుకున్నాను. విజయనగరంలో ఎక్కితే బరంపురం దాటేసరికి నూనె సంచిలోంచి కారి ఎదురుగా కూర్చున్న పెద్దావిడ శాలువా మీద పడింది. నేను కంగారుగా కొంగుతో తుడవబోతే ఆవిడ వేలితో తీసి నాలిక మీద రాసుకుని, "ఆవపిండి తక్కువేసినావు" అంది. ఇచ్ఛాపురం మనిషట, పేరు సావిత్రమ్మ. కొడుకు జంషెడ్‌పూర్‌లోనే జుగ్సలాయి బజారులో ఒక గోడౌన్లో పనిచేస్తాడు, అక్కడికే వెళ్తోంది.

శాలువా పాడుచేసినదాన్ని, ఎందుకు వెళ్తున్నావంటే చెప్పకుండా ఎలా ఉంటాను? చెప్పాను. ఆవిడ కిటికీలోంచి చూస్తూ, "మా రోజుల్లో ఈ మిషన్లు నేవమ్మా. పుట్టినాకే తెలిసేది. తెలీకపోడమే బాగుండేదేమో" అంది.

నాకు ఒళ్లు మండింది. తెలియక పోగొట్టుకున్నవాళ్ల సంగతేమిటి అని అడగబోయాను. కానీ ఆవిడ తన డబ్బాలోంచి రెండు అరిసెలు తీసి నా చేతిలో పెట్టింది. తింటూ పోట్లాడటం నాకు చేతకాదు.

జుగ్సలాయి

గౌరి మొగుడు సూరిబాబు స్టేషనుకొచ్చాడు. ఆ ఊళ్లోనే పుట్టి పెరిగిన కుర్రాడు, వాళ్ల తాత పొందూరు నుంచి ఇనుము పనికి వలస వెళ్లాడు. మాట్లాడితే సగం తెలుగు, సగం హిందీ. మామూలుగా నన్ను చూస్తే "అత్తా, ఇంకా చిన్నదానివైపోతన్నావు" అని ఆటపట్టించేవాడు. ఆ రోజు నా పెట్టె తీసుకుని ఆటోలో పెట్టి నా వైపు చూడకుండా కూర్చున్నాడు.

ఆటోవాడు దారిలో ఎవరికో రెండు బస్తాలు దింపాలని మమ్మల్ని జుగ్సలాయి బజారులోకి తిప్పాడు. ఇరుకు రోడ్డు, అటూ ఇటూ గోడౌన్లు, మధ్యలో ఎదురెదురుగా ఆగిపోయిన రెండు లారీలు. ముప్పావుగంట కదల్లేదు. మా విజయనగరం గంటస్తంభం దగ్గరైతే ఈపాటికి నలుగురు దిగి తిట్టుకునేవాళ్లు. ఇక్కడ అందరూ హారన్లు కొట్టి అలిసిపోయి అరచేతిలో ఖైనీ పొగాకు నలుపుకుంటున్నారు.

సూరిబాబు ఒక మేడ వైపు చెయ్యి చూపించాడు. "అక్కడేనత్తా స్కానింగు తీసింది. నన్ను లోపలికి రానిచ్చారు. నా కళ్లతో నేను చూసినాను."

"ఏటి చూసావు?"

"గుండె పక్కన నల్లగా గుండ్రంగా ఉంది. అదే పొట్ట. పొట్ట ఉండాల్సిన చోట ఏటీ నేదు, ఖాళీ. గుండె ఇటు నెట్టేసి ఉంది. డాక్టరు చెప్పకముందే నాకు సమజయిపోనాది." మేడ మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు. "తొమ్మిదేళ్ల నుంచీ నా పని అదే కదా. తెర చూసి చెప్పేయగలను. రిజెక్ట్ అత్తా."

అతని పని నాకు అప్పటిదాకా సరిగ్గా తెలీదు. ఇనప పలకల అతుకుల్లో లోపల పగులుందేమో శబ్దంతో పరీక్షిస్తాడట. కడుపు మీద జెల్ రాసినట్టు ఇనుము మీద నూనె రాసి, చేతిలో పట్టే చిన్న ప్రోబ్ ఆనించి, తెర మీద గీత చూసి బాగుందో లేదో రాస్తాడు. డాక్టరుదీ తనదీ ఒకే రకం మిషను అన్నాడు. అలా అంటున్నప్పుడు అతని మాటలో అనుమానమే లేదు.

బిర్సానగర్

రెండు గదుల ఇల్లు. తలుపు తీసిన గౌరి నన్ను చూసి ఏడవలేదు. అదే నన్ను భయపెట్టింది. మొగుడి చేతిలోని పెట్టె తీసుకుంది గానీ అతని మొహం చూడలేదు. పది రోజులుగా అతనితో మాట్లాడటం లేదని వాళ్ల అత్తగారు నర్సమ్మ వదిన వంటింట్లో చెవిలో చెప్పింది.

వదిన చేపల పులుసు పెట్టింది. ఆవాలు నూరి ఆవనూనెలో వండారు. మనం చింతపండుతో చేసేది వీళ్లు అక్కడి అలవాటు కలిపి చేస్తారు. ఘాటుకి నా కళ్లలో నీళ్లొచ్చాయి. ఏడవడానికి మంచి సాకు దొరికిందని నేను గట్టిగానే ఏడ్చాను.

భోజనమయ్యాక గౌరి నన్ను లోపలి గదిలోకి తీసుకెళ్లి నా చెయ్యి తన పొట్ట మీద పెట్టుకుంది. లోపల మెల్లగా తన్నింది బిడ్డ.

"చూసావా పిన్నీ. దీన్ని రిజెక్టన్నాడు. ఇంటికొచ్చి చెప్పులు ఇప్పకుండా ఆ మాటే అన్నాడు, ఆళ్లమ్మతోని. నేను పక్కనే ఉన్నాను."

స్కానింగు కాగితం అడిగాను. ఇంగ్లీషులో ఉంది. హాస్టల్లో పిల్లల వైద్యం కాగితాలు చదివి చదివి నాకు అలవాటే. పొట్ట పైకి వెళ్లినట్టు అనుమానం అని రాశారు. అడుగున చివరి వాక్యం చూసి నేను లేచి నిలబడ్డాను. పెద్ద సెంటర్లో మళ్లీ చూపించి నిర్ధారించుకోవాలి అని ఉంది. తేదీ చూస్తే పది రోజుల కిందటిది.

"మరి ఎల్లారా?" నేను వంటింట్లోకి వినబడేలా అరిచాను.

నర్సమ్మ వదిన చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. "ఎందుకు వదినా మళ్లీ? ఆడు చూసినాడు కదా. ఆడి పనే అది."

ఆవిడ మీద ఒంటికాలి మీద లేచాను. నోటికొచ్చిన నాలుగు మాటలూ అనేశాను. ఆవిడ మంచం అంచున కూర్చుని మెల్లగా అంది. "సూరి తరవాత నాకో ఆడపిల్ల పుట్టినాది. ఊపిరందక రెండు రోజులు ఎగపీల్చినాది. నా ఒళ్లోనే పోనాది. మల్లా అది చూడ్నేను. గౌరి చేత చూపించనేను."

అన్న నాలుగు మాటలూ వెనక్కి తీసుకోవాలనిపించింది. ఈ ఇంట్లో బిడ్డని వద్దనుకుంటున్నవాళ్లు ఎవరూ లేరు. అందరూ భయంతో ఉన్నారు, ఒక్కొక్కరి భయం ఒక్కోలా ఉంది, అంతే.

గోవింద్‌పూర్ వైపు

మర్నాడు సూరిబాబు కాంట్రాక్టరుని సెలవు అడగడానికి బయల్దేరితే నేనూ బండెక్కాను. "ఎందుకత్తా, దుమ్ము" అన్నాడు. "నీ పనేటో చూత్తాను" అన్నాను. అతన్ని ఇంట్లో అందరి ముందు కడిగేస్తే మొండికెత్తుతాడని నాకు తెలుసు. వందలమంది పిల్లలని సాకినదాన్ని.

గోవింద్‌పూర్ వైపు వెళ్లే రోడ్డు పక్కన అతను పనిచేసే యార్డు. లారీల మీద ఎర్ర దుమ్ము, రోడ్డు మీద ఎర్ర దుమ్ము, ఐదు నిమిషాల్లో నా తెల్ల చీర మీదా ఎర్ర దుమ్ము. గేటు దగ్గర మట్టి కప్పులో టీ పది రూపాయలు. తాగి కప్పు విసిరేయడం నాకు మనసొప్పక సంచిలో వేసుకున్నాను. గేటు మనిషి నవ్వాడు.

లోపలికి నన్ను రానివ్వలేదు. కంచె అవతల నిలబడి చూశాను. సెలవు ఇవ్వాలంటే ముందు ఒక అతుకు చూసిపెట్టమన్నారట. సూరిబాబు మోకాళ్ల మీద కూర్చుని పలకకి నూనె రాశాడు. ప్రోబ్ ఆనించి అతుకు పొడవునా మెల్లగా జరుపుకుంటూ వెళ్లాడు. ఒకచోట ఆగాడు, సుద్దముక్కతో గుర్తు పెట్టాడు. అయిపోయిందనుకున్నాను. కానీ లేచి, చుట్టూ తిరిగి అవతలి పక్కకి వెళ్లి, మళ్లీ నూనె రాసి, మొదటినుంచీ చూశాడు. చివరికి ఆ సుద్ద గుర్తుని అరచేత్తో చెరిపేశాడు.

బయటికొచ్చాక అడిగాను. "ఇటునుంచి చూసి గుర్తు పెట్టావు కదా, మల్లా అటెందుకెల్లావు?"

"ఇటునుంచి పగులులాగే కనబడినాదత్తా. అటునుంచి చూత్తే ఏటీ నేదు. అతుకు ఆకారమే అలగ మోసం చేత్తాది ఒక్కోసారి. రెండు పక్కలా చూడకుండా రిజెక్ట్ రాసేత్తే కాగితం చింపి మొకాన కొడతారు. మా ఉస్తాద్ నేర్పిన మొదటి మాట అదే."

"మరి గౌరిని ఎన్ని పక్కల నుంచి చూసావు?"

అతను బండి తాళం జేబులోంచి తీస్తున్నవాడల్లా ఆగిపోయాడు. నేను పర్సులోంచి స్కానింగు కాగితం తీసి ఆ చివరి వాక్యం మీద వేలు పెట్టాను. చదివాడు. మళ్లీ చదివాడు. ఆ వాక్యం అతనికి కొత్త కాదని మొహమే చెప్పింది. ఆ రోజు చదివాడు, తన కళ్లమీద నమ్మకంతో పక్కన పెట్టేశాడు.

"పది రోజులత్తా" అన్నాడు.  అక్కడే రోడ్డు పక్కన నిలబడి ఫోన్లు చేయడం మొదలుపెట్టాడు. మూడో ఫోనుకి మర్నాడు పొద్దుటికి టైము దొరికింది.

పెద్ద సెంటరు

మా ఊళ్లో ఉన్న బోర్డే ఇక్కడా గోడ మీద ఉంది, హిందీలో. ఆడో మగో చెప్పము, అడగడం నేరం. గౌరి చేత ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు, నాకు ఆడో మగో తెలుసుకోవాలని లేదు అని. అది పెన్ను పట్టుకుని నా వైపు చూసి, "ఆడా మగా ఎవలికి కావాల పిన్నీ, ఉంటాదా ఉండదా అదే కదా" అంది.

పక్క కుర్చీలో గోవింద్‌పూర్ నుంచి వచ్చిన ఒక బిహారీ అమ్మాయి, ఎనిమిదో నెల. సూర్యుడికి చేసే ఛఠ్ పండగ ప్రసాదం ఠేకువా సంచిలో తెచ్చుకుంది. గోధుమపిండీ బెల్లమూ కలిపి వేయించిన గట్టి బిళ్ల. గౌరికొకటి, నాకొకటి పెట్టింది. భాష రాకపోయినా ఆ అమ్మాయి గౌరి మోకాలి మీద చెయ్యి వేసి ఉంచింది. నేను కొరికితే నా దవడ పన్నులో సిమెంటు ఊడొచ్చింది. దాన్ని చేతిరుమాల్లో దాచుకుని, నొప్పిని మింగి కూర్చున్నాను.

లోపలికి ఒక్కరే రావాలన్నారు. సూరిబాబు లేచాడు. గౌరి అతని వైపు చూడకుండానే, "పిన్ని వత్తాది" అంది. అతను మళ్లీ కూర్చున్నాడు.

డాక్టరమ్మ నడివయసు మనిషి, మెత్తగా హిందీ మాట్లాడుతుంది. నాకు అర్థం కానిది గౌరి చెప్పింది. చీకటి గది, చల్లని జెల్. ఆవిడ ప్రోబ్ ఇటు పెట్టింది, అటు పెట్టింది. గౌరిని పక్కకి తిరగమంది, మళ్లీ వెల్లకిలా పడుకోమంది. ఆవిడ మాట్లాడని ప్రతి నిమిషం నా వేళ్లని గౌరి నలిపేసింది. సూరిబాబు చెప్పిన ఆ నల్లటి గుండ్రాన్ని నేనూ చూశాను. గుండె పక్కనే ఉంది. టకటకా కొట్టుకుంటున్న గుండెని నిజంగానే ఒక పక్కకి నెట్టింది.

చివరికి ఆవిడ చెయ్యి తుడుచుకుని చెప్పింది. "బిడ్డ వీపు మనవైపు తిప్పి పడుకుంది. ఛాతీకీ పొట్టకీ మధ్య ఒక పొర ఉంటుంది, అది ఈ పక్కనుంచి నాకు కనబడటం లేదు. కింద పొట్ట కూడా కనబడటం లేదు. అది పైకి వెళ్లిపోయిందో, కిందే ఉండి ఖాళీగా ఉందో ఇప్పుడు చెప్పలేను. బిడ్డ ఉమ్మనీరు మింగితే పొట్ట నిండుతుంది, నిండితే ఎక్కడుందో తెలుస్తుంది. నడవండి, తినండి, రెండు గంటలాగి రండి."

ధుస్కా బండి

రెండు గంటలు ఏం చేస్తాం? రోడ్డు మీద నడిచాం. ముందు నేనూ గౌరీ, పది అడుగుల వెనకాల సూరిబాబు.

మలుపులో ఒక బండి దగ్గర ధుస్కాలు వేయిస్తున్నారు. బియ్యం, శనగపప్పు నానబెట్టి రుబ్బి నూనెలో వేసే పూరీలాంటిది. మన గారెకి చుట్టం అనుకోవచ్చు, కానీ మెత్తన ఎక్కువ, కరకర తక్కువ. శనగల కూరతో ప్లేటు ముప్పై రూపాయలు. గౌరి వద్దంది. "నీకోసం కాదే, అది మింగాలి కదా లోపల" అన్నాను. తల వంచుకుని తినడం మొదలుపెట్టింది. ఒక్కో ముక్క మందు మింగినట్టు మింగింది.

సూరిబాబు వెనక నుంచి వచ్చి మంచినీళ్ల సీసా మూత తీసి దాని పక్కన పెట్టాడు. గౌరి ఆ సీసా వంక చూసింది, అందుకోలేదు. అతను హిందీలో ఏదో గొణిగాడు. గౌరి మాత్రం తెలుగులోనే, నాకు అర్థం కావాలనే, గట్టిగా అంది.

"ఒక్క మాట చెప్పు. ఆ డాక్టరు ఇప్పుడు కూడా అదే అంటే ఏటి చేత్తావు?"

"నాకు తెల్దు గౌరీ."

"ఆ మాట ఆవేల అనుంటే సరిపోను కదా."

అతను సీసాని ఇంకాస్త దగ్గరికి జరిపాడు. గౌరి సీసా తీసుకుని సగం తాగింది. నేను నా ప్లేటు పక్కన పెట్టేశాను. ఇప్పుడు కూడా అదే అంటే? మిగిలిన పదకొండు రోజుల్లో ఎవరు ఎవరికి నచ్చజెప్పాలి? దీన్ని ఇంతదూరం తీసుకొచ్చి రెండోసారి అదే మాట వినిపిస్తే, ఆ పాపం నాదే కదా అనిపించింది. దేవుడికి మొక్కుకుందామంటే ఏమని మొక్కుకోవాలో తెలియలేదు. బిడ్డ ఇటు తిరగాలని మొక్కాను.

మళ్లీ లోపల

ఈసారి డాక్టరమ్మ ప్రోబ్ పెట్టగానే "ఆఁ" అంది. బిడ్డ తిరిగింది.

ఆవిడ తెర మీద వేలు పెట్టి నాకే చూపించింది. ఛాతీకి కింద, సన్నగా, వంపుగా ఒక నల్లటి గీత. ఎక్కడా తెగలేదు. "ఇదీ పొర." దాని కింద చిన్న నల్లటి గుండ్రం, చింతగింజంత. "ఇదీ పొట్ట. దాని చోట అది ఉంది. మీ బిడ్డ మింగింది." గౌరి నోట్లోంచి ఏదో చప్పుడొచ్చింది, అది ఏడుపో నవ్వో నాకు తెలీలేదు.

"మరి పైన ఉన్నదేంటి?" అని గౌరి అడిగింది.

ఆవిడ ఏదీ దాచలేదు. ఎడమ ఊపిరితిత్తిలో నీటి బుడగలాంటిది ఏర్పడింది, పుట్టుకతో వచ్చేది, ఇదీ అరుదైనదే అంది. మొదట చూసినప్పుడు కింద పొట్ట ఖాళీగా ఉండటంతో దీన్నే పొట్ట అనుకుని ఉంటారు. కొందరిలో తగ్గిపోతుంది, కొందరిలో అలాగే ఉంటుంది, పెరిగితే గుండెని నొక్కేస్తుంది. రెండు వారాలకొకసారి చూడాలి. పసిపిల్లలకి ఆపరేషన్ చేసే ఆసుపత్రిలోనే కాన్పు జరగాలి.

"అంతా బాగుందని నేను చెప్పడం లేదు. కానీ మీరు విన్న జబ్బు ఇది కాదు. ఇవాళ నాకు కనబడినదాంట్లో ఆశ ఉంది. ఉంచుకోవడమా, వద్దా అన్నది మీ ఇష్టం."

"ఉంచుకుంతాను" అంది గౌరి. హిందీలో అడిగినదానికి తెలుగులో. డాక్టరమ్మకి అర్థమైంది.

బయట సూరిబాబు నిలబడే ఉన్నాడు. గౌరి అతన్ని దాటి వెళ్లి ఆ బిహారీ అమ్మాయి ఖాళీ చేసిన కుర్చీలో కూర్చుంది. నేనే చెప్పాను. "పొర ఉంది సూరీ. పొట్ట కిందే ఉంది. ఊపిరితిత్తిలో బుడగంట, చూసుకుంటా ఉండాల."

అతను మెట్ల మీద కూలబడి రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాడు. వచ్చేపోయేవాళ్లు చెడు వార్తేమో అనుకుని తప్పుకుని నడిచారు. నేను ఓదార్చలేదు. నాకు అతని మీద జాలి ఉంది, కోపమూ ఉంది, రెండూ ఒకేసారి ఉన్నాయి.

ఇంటికొచ్చాక

తిరుగు రైల్లో నాకు తోడు దొరకలేదు. నర్సమ్మ వదిన కట్టిచ్చిన చేపల పులుసు, పన్నులోంచి ఊడిన సిమెంటు ముక్క, ఒక మట్టి కప్పు, ఇవీ నేను తెచ్చుకున్నవి. కప్పులో ఇప్పుడు సూదులు పెట్టుకుంటున్నాను. చీరకి పట్టిన ఎర్ర దుమ్ము మూడు ఉతుకులకి గానీ పోలేదు.

గౌరికి ఇప్పుడు ముప్పై రెండో వారం. బుడగ పెరగలేదు, తగ్గనూ లేదు. కాన్పుకి కలకత్తా వెళ్లాలని నిర్ణయించారు. నేనూ పెట్టె సర్దుతున్నాను, ఈసారి ఆవకాయ లేకుండా. భయం పోయిందని అబద్ధం చెప్పను. 

ఈ రెండు నెలల పైచిలుకులో ప్రతి స్కానింగుకీ సూరిబాబు వెళ్తున్నాడు. ప్రతిసారీ బయటే కూర్చుంటున్నాడు. గౌరి లోపలికి పిలవదు, అతను అడగడు. ఇంట్లో మాటలైతే కలిశాయి, ఉప్పూ పప్పూ వరకు.

మొన్న మంగళవారం స్కానింగయ్యాక గౌరి ఫోను చేసింది. బుడగ అంతే ఉందని చెప్పింది, ఫోను మాత్రం పెట్టలేదు. ఇంకా ఏదో ఉందని నాకు తెలిసిపోయింది.

"ఏటే?"

"ఇయ్యేల ఆయన్ని లోపలికి పిలిసినాను పిన్నీ."

"మంచి పని చేసావు. మరి ఏటన్నాడు తెర చూసి?"

"తెర చూడనేదు పిన్నీ. డాక్టరమ్మ చూడమని చెప్పినా చూడనేదు. నా చెయ్యట్టుకుని, అయినంతసేపూ నా మొకమే చూత్తా కూకున్నాడు."